పడ్డవాడి దగ్గర ఆగేవాళ్ళు

"ఇక్కడ మీరు నేర్పిన తోడువాళ్ళను మిమ్మల్ని అడగకుండా తీసేయం. మిమ్మల్ని కూడా అంతే."

కిందటేడు జూన్ పన్నెండున, సిరిసిల్లలో ఒక పాత మరమగ్గాల షెడ్డు ముందు రిబ్బన్ కత్తిరించి, దాన్ని ఒక కంప్యూటర్ ఆటల కంపెనీ కోసం నడపబోయే యజమాని భూమేశ్ మైకులో ఈ మాట అన్నాడు. అన్నమాట గాలికి పోకూడదని లోపలి గోడ మీద నీలం రంగుతో, అరచేతంత అక్షరాలతో రాయించాడు కూడా. ఆ రోజు చప్పట్లు కొట్టిన కొత్త పనివాళ్ళలో లక్ష్మీరాజం ఉన్నాడు. షాజియా కొట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. జగిత్యాలలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆమె గోడల మీద రాతలు చాలా చూసింది, కొన్ని తనే రాసింది. ఏ రాత ఎన్ని వానలకు ఆగుతుందో ఆమెకు తెలుసు.

షెడ్డు తొమ్మిదింటికి తెరుస్తారు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. సాంచలు ఆడిన చోట ఇప్పుడు రెండు వందల నలభై స్క్రీన్లు వెలుగుతాయి. పనివాళ్ళు నలభై మంది, ఒక్కొక్కరికి ఆరు స్క్రీన్లు, ఒక్కో స్క్రీన్‌లో ఒక తోడు మనిషి.

ఆట పేరు 'ఏడు కోటలు'. అందులో రెక్కల పాములుంటాయి, మంటలు కక్కే వాగులుంటాయి, శాపాలుంటాయి. ఆడేవాడు ఒక్కడే మనిషి. వాడు ఏ దేశంలోనో మెత్తటి కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంటాడు. ఆటలో వాడి వెంట ఆరుగురు నడుస్తారు. డాలు పట్టేవాడు, విలుకత్తె, తాళాలు తీసేవాడు, దీపం మోసేవాడు, మంత్రం చదివేది, గాయాలు మాన్పే ముసలామె. ఈ ఆరుగురినీ కంప్యూటర్ నడుపుతుంది. కంప్యూటర్ నడిపే మనిషి పుట్టుకతో తెలివితక్కువవాడు. నిప్పులో నిలబడి చలి కాచుకుంటాడు. గీరుకుపోయిన వేలికి ఉన్న మందంతా తాగేస్తాడు. ఆడేవాడి మెడకు పాము చుట్టుకుంటే వెనక నిలబడి పూలు తెంపుతుంటాడు. అలాంటివాళ్ళకు బుద్ధి నేర్పడమే ఇక్కడి పని. ఎవరి గాయం ముందు కట్టాలి, ఎంత మందు మిగుల్చుకోవాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, అన్నీ ఒక్కొక్కటిగా నేర్పాలి. ఇక్కడ నేర్చిన బుద్ధి ప్రతి సోమవారం, ప్రపంచంలో ఆ ఆట ఆడే ప్రతివాడి తోడువాళ్ళకూ వెళ్తుంది.

బుద్ధి సిరిసిల్లది, పేరు కంపెనీది. ఈ అన్యాయం మీద షాజియా దగ్గర నాలుగు పేజీల వ్యాసం ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఇంకా ఎవరికీ చూపలేదు.

డిగ్రీలు చదివిన పిల్లలు ఆరు స్క్రీన్లు చూడలేక నెలకొకరు మానేస్తుంటే, యాభై ఏడేళ్ళ లక్ష్మీరాజం మాత్రం నిలిచాడు. ఆయన పదో తరగతి తప్పాడు. ముప్పై ఏళ్ళు ఎనిమిది సాంచలు నడిపాడు. ఎనిమిది సాంచల మధ్య తిరిగే మనిషి ఏ సాంచనూ చూస్తూ నిలబడడు. వింటాడు. పోగు తెగితే చప్పుడు మారుతుంది. మారిన చప్పుడు ఎటునుంచి వచ్చిందో కాళ్ళు అటు పోతాయి. ఇక్కడా అంతే. చెవులకు పెట్టుకునేవి తీసి పారేసి, ఆరు స్పీకర్లు పెట్టించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివరికీ ఈ చివరికీ నడిచేవాడు. "డాలు చప్పుడు పలచబడ్డది," అని గొణిగి సరిగ్గా మూడో స్క్రీన్ దగ్గర ఆగేవాడు. ఏడాది తిరిగేసరికి ఆయన ఆరుగురే అందరికన్నా మెరుగు. కంపెనీ వాళ్ళనే మూలం చేసుకుంది. మిగతా ముప్పై తొమ్మిది మంది పనివాళ్ళ తోడువాళ్ళంతా ఆ ఆరుగురి అచ్చులోంచి దిగినవాళ్ళే.

ఒంటిగంటకు తోడువాళ్ళు అన్నానికి బయటికి వచ్చేవారు.

స్క్రీన్ అంచు మీద చెయ్యి వేసి, పొట్టి కిటికీ దాటినట్టు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. గోనెపట్టా మీద పాదాలు తుడుచుకుని, డాళ్ళూ విల్లులూ గోడకు ఆనించి వరసగా కూర్చునేవారు. కోనరావుపేట నుంచి వచ్చే వాచ్‌మన్ మొదట్లో రిజిస్టర్‌లో అందరి పేర్లూ రాసుకున్నాడు. తర్వాత చెయ్యి నొప్పని మానేశాడు. గాయాలు మాన్పే ముసలామెను కంపెనీ 'యూనిట్ నాలుగు' అనేది. లక్ష్మీరాజం బుచ్చవ్వ అనేవాడు. ఆమెకు ఆయన గిన్నెలోని పచ్చి పులుసంటే ఇష్టం. రెండోసారి పోసేదాకా చెయ్యి చాపే ఉంచేది.

భూమేశ్‌కు ఇది నచ్చేది కాదు. వాళ్ళు రావడం కాదు నచ్చనిది, కూర్చోవడం. నోటీసు అంటించాడు: తోడువాళ్ళు బెంచీల మీద కూర్చోరాదు. ఫిల్టర్ నీళ్ళు తాగరాదు. ఆ రోజు నుంచి వాళ్ళు నేల మీద కూర్చున్నారు. వాళ్ళకు మద్దతుగా షాజియా కూడా గిన్నె పట్టుకుని నేల మీద కూర్చుంది.

"అంటరానితనం మళ్ళొచ్చింది కాకా," అంది, షెడ్డంతా వినేలా.

"కూర సల్లారుతది బిడ్డా," అన్నాడు లక్ష్మీరాజం. "తిన్నంక మాట్లాడు."

గేటు బయట రాజు చాయ్ డబ్బా. అన్నాలయ్యాక తోడువాళ్ళు అక్కడికి నడిచేవారు. రాజు ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడిగేవాడు. "చక్కెర ఎక్కువనా, తక్కువనా?" రక్తం ఆరని గొడ్డలి భుజాన ఉన్నవాడినీ అదే మాట, విలుకత్తెనూ అదే మాట. లక్ష్మీరాజాన్ని మాత్రం అడిగేవాడు కాదు. ఆయన వచ్చి నిలబడితే స్టవ్ వైపు తిరిగి గిన్నె తోమేవాడు. పందొమ్మిదేళ్ళుగా అంతే.

రాజు కుడిచేతికి రెండే వేళ్ళు. మిగతా మూడూ ఈ షెడ్డులోనే పోయాయి. అప్పుడిది భూమేశ్ తండ్రి సేటు సాంచల షెడ్డు. స్కూలు పిల్లల బట్ట ఆ సాయంత్రానికి లారీ ఎక్కాలి. రాజు చెయ్యి మోటారు పట్టాలో పడింది. అరిచాడు. మెయిన్ స్విచ్ లక్ష్మీరాజం చేతికి అందేంత దూరంలో ఉంది. గుమ్మంలో సేటు నిలబడి ఉన్నాడు. "ఆపితే ఇంటికే" అని పొద్దుటి నుంచి నాలుగుసార్లు చెప్పి ఉన్నాడు. లక్ష్మీరాజం స్విచ్ వైపు చెయ్యి చాపి, ఒక్కసారి, ఒక్కసారే, సేటు ముఖం వైపు చూశాడు. తర్వాత ఆపాడు. ఆ చూపు ఖరీదు మూడు వేళ్ళు.

కాబట్టి తోడువాళ్ళకు ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. ఒకరు పడితే అందరూ ఆగాలి. పోగు తెగితే సాంచ ఆపి, ముడేసి, అప్పుడు కదిలించినట్టు, పడ్డవాణ్ణి లేపాకే అడుగు ముందుకు వెయ్యాలి. సాంచ దగ్గర అది సరైన పని. ఆటలో కాదు. రెక్కల పాము నెత్తి మీద ఉండగా దీపం మోసేవాడు పడిపోతే, మిగతా అయిదుగురూ చుట్టూ చేరి నిలబడిపోయేవారు. డాలువాడు ముందు, బుచ్చవ్వ మోకాళ్ళ మీద. మెత్తటి కుర్చీలోని మనిషి మాత్రం ఒంటరిగా ముందుకు పరుగెత్తి పాము నోట్లో పడేవాడు. పడి, కోపంతో కంపెనీకి ఉత్తరం రాసేవాడు. అలాంటి ఉత్తరాలు వేలల్లో వచ్చాయట.

నవంబరు పదిహేడు, సోమవారం. భూమేశ్ కంపెనీ పంపిన కాగితం పట్టుకుని వచ్చాడు.

"లక్ష్మీరాజం, గిది చదివినవా?" తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం అతనికి తండ్రి నుంచే వచ్చింది.

"కండ్లద్దాలు తేలే. నువ్వే చదువు."

"చదువుడేంది, నీ ముసల్దాని కథ ఒడిసింది. పడ్డోన్ని ఇడ్సిపెట్టి ముందటికి పోవాలె. గంతే. ఒక్క లైను మార్చుడు. శుక్రవారం దాకా టైమిచ్చిన్రు. మార్చకపోతే నీ ఆరుగురిని తుడుస్తరు, నిన్ను తీసేస్తరు."

"నాకు మార్చరాదు."

"రాదా, మార్చవా?"

"నీకెట్ల ఇనబడితే గట్ల."

భూమేశ్ కాగితం మడిచాడు. "మా బాపు ముంగట గిట్ల మాట్లాడేటోనివా నువ్వు?"

"మాట్లాడలే," అన్నాడు లక్ష్మీరాజం. "మాట్లాడితే గా రాజు చెయ్యి రాజుకుండు."

భూమేశ్ గోడ మీది నీలం అక్షరాల వైపు చూశాడు. బుధవారం పొద్దున పనివాళ్ళు వచ్చేసరికి గోడకు తెల్ల సున్నం కొట్టి ఉంది. అడిగితే "పెచ్చులూడుతున్నయి," అన్నాడు. ఒక అబద్ధం చెప్పడానికి కూడా యజమానులు మన మీద శ్రద్ధ పెట్టరు.

షాజియా ఆ మధ్యాహ్నమే కాగితం రాసి తెచ్చింది. నలభై మంది సంతకాలకు నలభై గీతలు గీసి ఉంచింది. మొదటి గీత మీద ఆమె సంతకం ఒక్కటే ఉంది.

"కాకా, సంతకం పెట్టు."

"ఏముంది గండ్ల?"

"శ్రమ మనది, తెలివి మనది, తీర్పు మాత్రం పెట్టుబడిదా? అని అడిగిన."

"ఎక్కడనో ఇన్నట్టున్నది."

"చదివే రాసిన. చదివింది పనికి రాకపోతే దేనికి చదువుడు?"

"మీ అమ్మేమన్నది?"

షాజియా తల్లి బషీరున్నీసా కోరుట్లలో బీడీలు చుడుతుంది. రోజూ ఫోన్లో కూతురికి ఒక్కటే చెప్తుంది, నోరు తగ్గించుకొమ్మని. షాజియా కలం మూత తీసి ఆయన ముందుకు చాపింది.

"మంది పెడితే నేను పెడ్త," అన్నాడు లక్ష్మీరాజం. "ముందుగాల పెట్టినోళ్ళు ముందుగాల పోతరు."

"నీ గురించి రాసిన కాగితం మీద నువ్వే పెట్టవా? పిరికోనివి కాకా నువ్వు!"

"ఔ బిడ్డా," అన్నాడు ఆయన, విసుగు కూడా లేకుండా. "పందొమ్మిదేండ్ల సంది."

ఆమె మిగతా ముప్పై ఎనిమిది కుర్చీల దగ్గరికీ వెళ్ళింది. ఒకడికి చెల్లె పెళ్ళి ఉంది. ఒకడికి దుబాయి వీసా రావాల్సి ఉంది, ఈలోగా గొడవలొద్దు. ఒకామె కాగితం చదివి, బాగుందని మెచ్చుకుని, తిరిగి చేతిలో పెట్టింది. ఐక్యత వర్ధిల్లాలి అని ఏప్రిల్‌లో ఫోన్ స్టేటస్ పెట్టుకున్నవాడు మరుగుదొడ్డికి వెళ్ళి అరగంట రాలేదు. ఎవరి మీద రాసినా రాయకపోయినా వీళ్ళ మీద మాత్రం ఒక పుస్తకం రాయాలి. దానికి ముందుమాట ఉండకూడదు, క్షమాపణ అసలే ఉండకూడదు.

శుక్రవారం పదకొండింటికి హైదరాబాదు ఆఫీసు నుంచి ఒక టెక్నీషియన్ దిగాడు. వచ్చీ రాగానే లక్ష్మీరాజం కుర్చీలో తనే కూర్చున్నాడు. కూర్చునే ముందు కుర్చీని రుమాలుతో తుడిచాడు. భూమేశ్ లక్ష్మీరాజం వైపు చెయ్యి చాపాడు.

"మెడల కార్డు ఇచ్చెయ్."

లక్ష్మీరాజం ఇచ్చాడు. తన అన్నం గిన్నె తీసుకున్నాడు. బుచ్చవ్వ స్క్రీన్ ముందు ఆగి, మూత కొంచెం తీసి చూపించాడు.

"ఇయ్యాల పచ్చి పులుసే. తినకుంటనే పోతివి," అన్నాడు.

షాజియా లేచి నిలబడింది. "అడగకుండా తీసెయ్యం అని చెప్పినవు గదా అన్నా? గోడ మీద రాపిచ్చినవు గదా!"

"ఏ గోడ?" అన్నాడు భూమేశ్.

"సున్నం గీకితే ఇప్పటికీ నీలమే ఉంటది!"

"కూసో. లేకుంటే నీ కార్డు గూడ తియ్యి."

ముప్పై ఎనిమిది తలలు స్క్రీన్లలోకి ఇంకా లోతుగా వంగాయి. లక్ష్మీరాజం వెనక్కి తిరక్కుండానే, కూర్చొమ్మన్నట్టు ఆమెకు చెయ్యి ఊపి, గుమ్మం వైపు నడిచాడు. చెప్పులు నేలకు రాసుకునే చప్పుడు షెడ్డులో అందరికీ అలవాటైనదే. ఏడాదిన్నరగా ఆ చివరికీ ఈ చివరికీ వినిపించిన చప్పుడు. అది గుమ్మం దగ్గర ఆగింది. ఆయన పడలేదు. తలుపు చెక్క పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడు, అంతే. గిన్నె మూత మాత్రం జారి, గచ్చు మీద గిర్రున తిరిగి తిరిగి పడుకుంది.

చప్పుడు మారింది.

బుచ్చవ్వ తలెత్తింది. ఆమె ముందు రెక్కల పాము నోరు తెరిచి ఉంది. మందుల సంచి భుజానికి వేసుకుని, స్క్రీన్ అంచు మీద చెయ్యి వేసి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, బయటికి వచ్చేసింది. గోనెపట్టా మీద పాదాలు తుడుచుకుంది. ఆమె వెనక డాలువాడు, విలుకత్తె, తాళాలవాడు, దీపంవాడు, మంత్రం చదివేది. టెక్నీషియన్ 'తుడిచెయ్' అన్న మీట నొక్కాడు. ఆరు స్క్రీన్లూ ఒకసారి మిణుకుమన్నాయి. తుడవడానికి లోపల ఎవరూ లేరు.

తర్వాత పక్క వరస కదిలింది. తర్వాత దాని పక్కది. రెండు వందల నలభై మంది, ఎవరినీ తోసుకోకుండా, కాళ్ళు తుడుచుకుని మరీ వచ్చి గడప చుట్టూ నిలబడ్డారు. ఆయన ఎలా నేర్పాడో అలాగే. డాళ్ళవాళ్ళు బయటి వలయంలో, షెడ్డు వైపు ముఖం పెట్టి. దీపాలవాళ్ళు లోపల. బుచ్చవ్వ లక్ష్మీరాజం మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

వాచ్‌మన్ రిజిస్టర్ తెరిచాడు. "అన్నానికింక రెండు గంటలున్నది. బయట ఎంతసేపుంటరు?" అని అడిగి, 'తిరిగి పోయే వేళ' అన్న గడి ఖాళీగా వదిలేశాడు.

భూమేశ్ ఫోన్ మోగింది. తర్వాత టెక్నీషియన్ ఫోన్. తర్వాత రెండూ ఆగకుండా మోగాయి. ఏడు కోటలంతటా, ఈసారి సోమవారం దాకా ఆగకుండానే, ఏ దేశంలో ఎవడు ఆడుతున్నా, వాడి వెంట నడిచే ఆరుగురూ ఉన్నచోటే ఆగిపోయారట. వంతెనల మీద, గుహల్లో, కోట గుమ్మాల్లో కూర్చున్నారట. ఎవడు ఏ మీట నొక్కినా లేవడం లేదట.

భూమేశ్ వలయం దగ్గరికి వచ్చాడు. డాలు అడ్డం వచ్చింది. దాని మీదుగా మెడ సాచి అరిచాడు.

"లక్ష్మీరాజం! లోపటికి పొమ్మను వీళ్ళను!"

"నేను రమ్మన్ననా?"

"నువ్వు చెప్తనే ఇంటరు. చెప్పు!"

"చెప్పుడు వేరు, నేర్పుడు వేరు భూమేశా. చెప్పింది మర్రోజుకు మర్చిపోతరు. గోడ మీద రాపిచ్చిన నువ్వే మర్చిపోతివి."

"మల్లెట్ల కదుల్తరు?"

"సాంచల షెడ్డుల పుట్టినవు. తెగిన పోగు ముడెయ్యకుండ సాంచ నడుస్తదా?"

భూమేశ్ చుట్టూ చూశాడు. సాయానికి చూశాడో సాక్ష్యానికి చూశాడో గాని, అప్పుడే గేటు దగ్గర ఒక చిన్న చప్పుడు ఆగిపోయింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎప్పుడూ ఆగని చప్పుడు, అందుకే దాన్ని ఎవరూ ఎప్పుడూ వినలేదు. రాజు చాయ్ స్టవ్.

రాజు రెండు వేళ్ళ చేత్తో గ్లాసు పట్టుకుని గేటు దాటి వచ్చాడు. డాళ్ళు పక్కకు జరిగాయి. గడప ముందు నిలబడి, ఆయన ముఖంలోకి కాకుండా ఆయన భుజం వెనక ఎక్కడో చూస్తూ అడిగాడు.

"చక్కెర ఎక్కువనా, తక్కువనా?"

లక్ష్మీరాజం గిన్నె గడప మీద పెట్టాడు.

"తక్కువ."

"ఎక్కువేసిన. తాగు," అన్నాడు రాజు. "జల్ది తాగు. స్టవ్ ఆపి వచ్చిన."

లక్ష్మీరాజం గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగుతున్నంతసేపూ రాజు అక్కడే నిలబడ్డాడు. ఖాళీ గ్లాసు తిరిగి తీసుకున్నాక, బుచ్చవ్వ కళ్ళు తెరిచి, ఆయన మోకాళ్ళ మీది చేతులు తీసింది. లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. బయటికి పోలేదు. గడప దాటి షెడ్డు లోపలికి వచ్చాడు.

"బిడ్డా, గా కాగితమేది?" అన్నాడు.

షాజియా సంతకం కింద ఆయన తన పేరు మొత్తం రాశాడు, ఒత్తులతో సహా, నింపాదిగా. మూడోది రాజు అడిగి తీసుకున్నాడు, షెడ్డులో పని చేయకపోయినా. "చేసిననే గదా," అన్నాడు. నాలుగోది, కాగితం మెచ్చుకుని తిరిగి ఇచ్చిన ఆమెది. మరుగుదొడ్డివాడిది పదకొండోది. ఒంటిగంటకు గీతలు చాలక షాజియా కింద ఇంకొకటి గీసింది. అన్నం గంట కొట్టారు గాని, బయటికి రావడానికి స్క్రీన్లలో ఎవరూ లేరు. అందరూ బెంచీల మీదే కూర్చుని తిన్నారు. బుచ్చవ్వ రెండోసారి చెయ్యి చాపింది.

సంతకాల పైన ఉన్న పాత మాటలు కొట్టేసి, అందరినీ అడిగి కొత్తగా రాసి, కాగితాన్ని హైదరాబాదు ఆఫీసుకు పంపారు. పంపిన మాటనే షాజియా తెల్ల గోడ మీద నీలం రంగుతో, అరచేతంత అక్షరాలతో రాసింది. భూమేశ్ చూస్తూ ఉండగానే రాసింది. శ్రమ, పెట్టుబడి అన్న మాటలు ఈసారి అందులో లేవు. లక్ష్మీరాజం చదవమంటే చదివి వినిపించింది.

"పడ్డవాడి దగ్గర ఆగడం తప్పని మీరు రాశారు. కాదని మేము రాస్తున్నాం. లక్ష్మీరాజం తన ఆరుగురి ముందు ఉండాలి. బుచ్చవ్వను ఎవరూ తుడవకూడదు. మీరు సున్నం కొట్టిన మాట మళ్ళీ ఈ గోడ మీద మీ చేత్తోనే రాయాలి. అప్పటిదాకా ఏడు కోటల్లో ఎవడి వెంటా ఎవరూ నడవరు. జవాబు 2025 నవంబరు 28, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోపు రావాలి."